ఉప్పుటేరు గట్టున ఓడరేవు

ప్రశ్న: కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు దగ్గర ఒకప్పుడు పెద్ద రేవు ఉండేదంటారు, నిజమేనా అండీ?
– ఒక పాఠకురాలు, రామచంద్రపురం

జవాబు: నిజమేనమ్మా. మా నాన్న అక్కడే బస్తాలు మోశారు. ఆయన భుజం మీద కాయ కాసిన చోటు చిన్నప్పుడు తడిమి చూసేవాణ్ణి, చెక్కలా ఉండేది. 1839 తుపానుకు కాకినాడ దగ్గర్లోని కోరంగి రేవు దెబ్బతింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధంతో మన పత్తికి గిరాకీ వచ్చి కాకినాడ దశ తిరిగింది. డెల్టా కాలవల మీద పడవల్లో సరుకు దిగేది. తీరంలో లోతు చాలక ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఉప్పుటేరులోంచి బార్జీలు, అంటే సరుకు మోసే బల్లపరుపు పడవలు, వాటికి సరుకు చేరవేసేవి. 1997లో లోతైన రేవు మొదలయ్యాక చాలా ఓడలు నేరుగా గట్టుకే వస్తున్నాయి. బియ్యం ఇంకా బార్జీల్లో వెళ్తోంది గానీ, ఆ పాత సందడి లేదమ్మా, నాకదే బాధ. నాన్న బస్తాల కొక్కెం మా ఇంట్లో ఇప్పటికీ దూలానికే వేలాడుతోంది.