డిలో వేసినా బండి కదలట్లేదా?

ప్రశ్న: మాది 2009 నాటి పెట్రోల్ కారు, నాలుగు గేర్ల ఆటోమేటిక్. పొద్దున్నే స్టార్ట్ చేసి డి (డ్రైవ్, ముందుకెళ్లే గేరు)లో వేస్తే మూడు నాలుగు సెకన్ల దాకా కదలదు. ఆ తర్వాత ధడ్‌మని కొట్టుకుని కదులుతుంది. రివర్స్‌లో ఇంకా ఆలస్యం. పావుగంట తిరిగాక కొంత నయం. మొన్న సింహాచలం కొండెక్కుతుంటే ఇంజిన్ మోత పెరిగింది గానీ బండి లాగలేదు. మెకానిక్ గేర్‌బాక్స్ దించాలంటున్నాడు. దించమనమంటారా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇప్పుడే దించనివ్వకండి. మీరు రాసినవాటిలో రెండు సంగతులు బాగా పనికొస్తాయి. ఆలస్యం ముందుకీ వెనక్కీ రెండిటికీ ఉంది, వేడెక్కితే తగ్గుతోంది. ఒక్క రివర్స్‌లోనే అయితే ఆ గేరుకు సంబంధించిన క్లచ్‌ని అనుమానించాలి. రెండిటికీ అంటే ముందు ఆయిల్ ప్రెషర్ దగ్గర వెతకాలి. పంపు తోడిన ఆయిల్ పిస్టన్‌ను నెడితే, పిస్టన్ క్లచ్ ప్లేట్లను అదుముతుంది. గేరు పట్టడమంటే అదే. ఆయిల్ చాలకపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా, పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడినా పట్టు ఆలస్యమవుతుంది. గట్టిపడిన సీలు చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ వదిలేస్తుంది, వేడికి కాస్త మెత్తబడి ఆపుతుంది. మీ బండి లక్షణం అచ్చంగా ఇలాగే ఉంది.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. ఇరవై నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కిపట్టి లీవర్‌ను అన్ని స్థానాల్లోనూ రెండేసి సెకన్లు ఉంచి పి (పార్క్)లోకి తెండి (కొన్ని బండ్లకు ఎన్‌లో, అంటే న్యూట్రల్‌లో చూడాలి, మాన్యువల్ ఏది చెబితే అది). ఇంజిన్ ఆడుతుండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. మట్టం ‘హాట్’ గుర్తుల మధ్య ఉండాలి. హోండా వాళ్ల పాత ఆటోమేటిక్‌లలో మాత్రం ఇంజిన్ ఆపేసి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. ఈ తేడా తెలియక ఎక్కువ పోసేసేవాళ్లు చాలామంది. ఎక్కువైతే ఆయిల్ నురగ కట్టి, తక్కువైనప్పటి జబ్బే చూపిస్తుంది.

ఒక చుక్క తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిదే. ముదురు గోధుమరంగులో మాడు వాసన వేస్తే ప్లేట్లు కాలుతున్నాయి. రోజ్‌మిల్క్‌లా కనిపిస్తే రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చే కూలర్ చిల్లిపడి నీళ్లు కలిశాయన్నమాట. ఆ బండిని ఇక నడపొద్దు, ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తించి పంపండి. మట్టం తగ్గితే లీకు ఉన్నట్టే, ఎందుకంటే ఈ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా మండి తరగదు. రాత్రి బండి కింద అట్టపెట్టె ముక్క పరిచి, పొద్దున మరక యాక్సిల్ సీలు కింద పడిందా, పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తట్ట) కింద పడిందా, కూలర్ గొట్టాల కింద పడిందా చూడండి.

ఇక గడియారం పట్టండి. వేడెక్కిన బండిలో బ్రేక్ గట్టిగా తొక్కి ఎన్ నుంచి డిలోకి వేస్తే చిన్న కుదుపు 1.2 సెకన్ల లోపు రావాలి, ఆర్ (రివర్స్)లో 1.5 సెకన్ల లోపు. ప్రతిసారికీ మధ్య నిమిషం ఆగి, మూడుసార్లు కొలిచి సగటు తీయండి. టయోటా బండ్లకు ఇచ్చే కొలత ఇది; మిగతావాటికీ దాదాపు సరిపోతుంది.

ధడ్‌మనడం వేరే సంగతి కూడా కావచ్చు. బానెట్ ఎత్తి, మీరు పక్కన నిలబడి (ఎదురుగా వద్దు), ఇంకొకరిని బ్రేక్ తొక్కి డి, ఆర్ మార్చమనండి. ఇంజిన్ ఎగిరిపడితే మౌంటింగ్ రబ్బరు తెగింది. ఐడిలింగ్ వెయ్యి ఆర్‌పీఎం దాటినా ఇలాగే కొడుతుంది. సముద్రం పక్క ఊరు కాబట్టి గేర్‌బాక్స్ మీది వైరింగ్ కనెక్టర్లు విప్పి పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడమనండి. స్కానర్‌లో పి0750 అనే కోడ్ వస్తే సోలినాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) లోపం, పి0730 వస్తే గేరు జారుతోంది.

ఆయిల్ మాడకపోతే, ఫిల్టర్ మార్చి కొత్త ఆయిల్ పోయించండి. ఒకసారి తీస్తే పాత ఆయిల్ సగం కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లో (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ డబ్బాలో) ఉండిపోతుంది. కాబట్టి రెండు మూడు వందల కిలోమీటర్లకోసారి మొత్తం మూడుసార్లు పాత ఆయిల్ తీసి కొత్తది పోయాలి. మెషిన్‌తో ఫ్లష్ వద్దు. బండికి చెప్పిన రకమే వాడండి: హ్యుందాయ్‌కి ఎస్‌పీ-3 అని రాసి ఉంటే అదే. పాన్ విప్పినప్పుడు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే. మెరిసే రేకులు, ఇత్తడి ముక్కలు ఉంటే మీ మెకానిక్ చెప్పిందే నిజం. వాటితోపాటు, గేజ్ పెట్టి కొలిచిన ప్రెషర్ కూడా మాన్యువల్ అంకె కంటే తక్కువుంటే దించమనండి.

ప్రశ్న: లీవర్ పి నుంచి బయటికే రావట్లేదు. గేర్‌బాక్స్ పాడైందా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: బ్రేక్ తొక్కినప్పుడు వెనక లైట్లు వెలుగుతున్నాయేమో చూడండమ్మా. వెలగకపోతే ఫ్యూజు గానీ, పెడల్ దగ్గరి స్విచ్ గానీ పోయింది. బ్రేక్ తొక్కిన కబురు అందక లాక్ విడవట్లేదు. లీవర్ పక్కన చిన్న మూత ఉంటుంది, దాన్ని లేపి తాళంచెవి మొనతో నొక్కుతూ లీవర్ లాగితే వస్తుంది. లైట్లు వెలగకుండా రోడ్డెక్కకండి. వాలు మీద ఆపినప్పుడే ఇలా అవుతుంటే పార్కింగ్ పంటి (పిలో పెట్టినప్పుడు గేర్‌బాక్స్‌ను తిరగకుండా పట్టే కొక్కెం) మీద బండి బరువు పడుతోంది: ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, పెడల్ వదిలి బండి దాని మీద ఆగాక, మళ్లీ తొక్కి పిలో పెట్టండి.