న్యూయార్క్‌లో కాంట్రాక్ట్ ముగిశాక స్టెప్ ఇంక్రిమెంట్ ఆపేస్తే
మీరు న్యూయార్క్‌లో ప్రభుత్వ స్కూల్ టీచర్ అనుకుందాం. యూనియన్‌తో ఉన్న పాత కాంట్రాక్ట్ జూన్‌తో ముగిసిందన్న సాకుతోనే స్కూల్ బోర్డు మీ స్టెప్ ఇంక్రిమెంట్ (సర్వీసు ఏళ్లను బట్టి వచ్చే జీతం పెంపు) ఆపేసింది. ఆ ఒక్క కారణం సరిపోదు. న్యూయార్క్ ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్ హక్కులను చూసే టేలర్ చట్టానికి 1982లో వచ్చిన ట్రైబరో సవరణ ప్రకారం, కొత్త ఒప్పందం కుదిరేదాకా పాత షరతులే నడవాలి.

1. చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే: జీతాల పట్టిక దగ్గరి చిన్న అక్షరాలు. "ఈ పెంపు ఫలానా తేదీతో ఆగుతుంది" అని స్పష్టంగా రాసి ఉంటే బోర్డు వాదనకే బలం. చివరి పేజీ దాకా వెతకండి.

2. అలాంటి వాక్యం లేకపోతే, పాత పేస్లిప్, కొత్త పేస్లిప్ పట్టుకుని ఇవాళే యూనియన్ ప్రతినిధిని కలవండి. గ్రీవెన్స్ (కాంట్రాక్ట్ ఉల్లంఘనపై పెట్టే ఫిర్యాదు) గడువు కాంట్రాక్ట్‌లోనే ఉంటుంది. ఇలాంటి వివాదాలు విచారించే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ సంబంధాల బోర్డుకి (PERB) ఫిర్యాదు చేయాలంటే గడువు 4 నెలలే.

3. కోపంలో సమ్మె మాత్రం వద్దు. మానేసిన రోజు జీతం పోగా, మరో రోజు జీతం జరిమానాగా కోస్తారు.