తల బాదుకునే బిడ్డ ఏం చెబుతున్నాడు?

పిల్లల ఎదుగుదల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా బాబుకు మూడేళ్ళ ఎనిమిది నెలలు. వాడికి ఆటిజం ఉందని ఆరు నెలల క్రితం విశాఖపట్నంలో చెప్పారు. ఇంకా మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోతాడు. రెండు నెలలుగా నేలకేసి, గోడకేసి తల బాదుకుంటున్నాడు. పొద్దున్న కుక్కరు కూత వేసినప్పుడు, స్నానానికి తీసుకెళ్ళినప్పుడు, సెల్‌ఫోను తీసేసుకున్నప్పుడు ఎక్కువ. చూడలేక ఫోను చేతిలో పెడితే వెంటనే ఆపేస్తాడు. రెండు వారాలుగా రాత్రి నిద్రలోంచి లేచి కూడా మంచం పట్టెకు కుడి చెవి వైపు కొట్టుకుంటున్నాడు. గుంటడికి గాలి సోకిందని మా అత్తగారు మంత్రం వేయించారు. ఇదంతా మొండితనమని, రెండు దెబ్బలు వేస్తే మానేస్తాడని మా ఆయన అంటారు. మెదడు దెబ్బతింటుందేమోనని నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?
ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది రాత్రిపూట సంగతి. పగలు తల బాదుకునే పిల్లవాడు కొత్తగా నిద్రలోంచి లేచి, అదీ ఒక్క పక్కనే, చెవి దగ్గరే కొట్టుకుంటున్నాడంటే నేను మొదట అనుమానించేది నొప్పిని. పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు పెద్దవాళ్ళం మనమే కణతలు గట్టిగా నొక్కుకుంటాం, తలకు గుడ్డ బిగించి కట్టుకుంటాం. నొప్పి అని చెప్పే మాట లేని బిడ్డ ఆ చోటనే కొట్టుకుని దాన్ని అణచుకోవాలని చూస్తాడు. జలుబు తరువాత చెవిలో చీము పట్టి ఉండవచ్చు, వెనక పన్ను పుచ్చి ఉండవచ్చు, పడుకున్నప్పుడు కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నుతూ ఉండవచ్చు. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. పాలు, బిస్కెట్లు, తెల్లన్నం తప్ప మరేదీ ముట్టని ఆటిజం పిల్లలు ఎందరో ఉంటారు, వాళ్ళకు రోజుల తరబడి విరేచనం కాకపోతే ఆ బాధ చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. కాబట్టి ఈ వారంలోనే బాబును పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ‘ఆటిజం పిల్లలు ఇలాగే చేస్తారు’ అన్న మాటతో వెనక్కి రాకండి. ‘ఇది రెండు వారాలుగా కొత్తగా మొదలైంది, రెండు చెవుల్లోకీ లైటు వేసి చూడండి, పళ్ళు చూడండి, పొట్ట నొక్కి చూడండి’ అని మీరే అడగండి. అలా అడిగే హక్కు మీకు ఉంది.

మెదడు గురించి మీ భయానికి నేరుగా జవాబు చెబుతాను. ఈ వయసు పిల్లలు తమంతట తాము తల కొట్టుకోవడం వల్ల మెదడుకు తీవ్రమైన హాని జరగడం అరుదు. బొప్పి కట్టడం, చర్మం కమిలిపోవడం, గాయం మానకముందే మళ్ళీ తగలడం మాత్రం తరచుగా జరుగుతాయి. ఏళ్ళ తరబడి చాలా గట్టిగా కొట్టుకునేవారిలో కంటిలోపలి పొర దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది, అందుకే దీన్ని అలాగే వదిలేయకూడదు. దెబ్బ తగిలిన తరువాత మళ్ళీ మళ్ళీ వాంతులయినా, మగతగా పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ రక్తమో నీళ్ళలాంటి ద్రవమో కారినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోను చేయండి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మిగతా పిల్లల్లో కంటే ఎక్కువ. కొట్టుకునే ముందో తరువాతో కళ్ళు ఒకచోట నిలిచిపోయి, పిలిస్తే పలకకుండా ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి, వీలైతే ఫోనులో వీడియో తీసి చూపించాలి.

ఇక పగటి సంగతి. కుక్కరు కూత, స్నానం, ఫోను అని మీరే మూడు సందర్భాలు రాశారు. ఈ మూడింటిలోనూ బిడ్డ చేసే పని ఒక్కటే అయినా చెప్పే మాట ఒక్కటి కాదు. కూత వేసినప్పుడు ‘ఈ చప్పుడు నేను భరించలేను’ అంటున్నాడు, స్నానం దగ్గర ‘ఇది నాకు వద్దు’ అంటున్నాడు, ఫోను దగ్గర ‘అది నాకు కావాలి’ అంటున్నాడు. అందువల్ల తల కొట్టుకోవడానికి మందు ఏమిటని అడిగితే ఒక్క జవాబు దొరకదు. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని రెండు వారాలపాటు, కొట్టుకున్న ప్రతిసారీ టైము ఎంత, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, తరువాత మనం ఏం చేశాం, ఎంతసేపటికి ఆగాడు అన్నవి రాయండి. పొద్దున్న ఆకలి మీద ఉన్నాడా, ముందురోజు రాత్రి సరిగా పడుకున్నాడా అన్నది కూడా రాయండి, ఎందుకంటే నిద్ర చాలని రోజున ఓర్పు సగమవుతుంది. పిల్లల ప్రవర్తనకు, మాటకు శిక్షణ ఇచ్చే ఏ థెరపిస్టు దగ్గరకు వెళ్ళినా ముందుగా అడిగేది ఈ వివరాలే.

ఫోను విషయం కొంచెం వివరంగా చెప్పాలి. తల కొట్టుకుంటే ఫోను దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇందులో వాడి గడుసుదనమూ లేదు, మీ తప్పూ లేదు. రక్తం కారుతుందేమోనన్న భయంతో ఏ తల్లయినా అదే చేస్తుంది. వాడి చేతిలో అడిగే దారి మరొకటి లేకపోవడమే అసలు చిక్కు. అమెరికాలో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలు ఇలాంటి ఇబ్బందికర ప్రవర్తన ఎందుకు చూపుతున్నారో ముందు కనిపెట్టి, అదే ఫలితాన్ని ఇచ్చే ఒక మాటను దాని బదులు నేర్పారు. సాయం కావలసిన బిడ్డకు సాయం అడిగే మాట, పెద్దల పలకరింపు కావలసిన బిడ్డకు దాన్ని అడిగే మాట నేర్పగానే ఆ ప్రవర్తన తగ్గింది. మాట రాని బిడ్డకైతే మాట బదులు సైగ, బొమ్మ కార్డు సరిపోతాయి. ఫోను బొమ్మ ఉన్న చిన్న అట్టముక్క చేయండి. బాబు ప్రశాంతంగా ఉన్న వేళ, తల కొట్టుకోవడం మొదలుకాక ముందే, ఆ అట్ట మీ చేతిలో పెట్టేలా వాడి చేతిని పట్టి చేయించి, పెట్టిన క్షణమే ఫోను ఇవ్వండి. మొదటి కొద్దిరోజులు అడిగిన ప్రతిసారీ ఇవ్వాలి, ఆలస్యం చేయకూడదు. ‘అడిగినప్పుడల్లా ఇస్తే ఫోనుకు అలవాటు పడిపోడా’ అని మీ ఆయన అడగవచ్చు. ఎంతసేపు అన్నది తరువాత మెల్లగా తగ్గించుకోవచ్చు, అడగడం నేర్పే అవకాశం మాత్రం ఇప్పుడు వదులుకోకూడదు. ‘వద్దు’, ‘చాలు’ అన్నవాటికి కూడా ఒక్కొక్క సైగ నేర్పితే స్నానం దగ్గరి గొడవ సగం సర్దుకుంటుంది.

ఒక హెచ్చరిక. కొట్టుకున్నప్పుడు ఫోను ఇవ్వడం ఒక్కసారిగా మానేస్తే తగ్గేముందు కొన్నిరోజులు ఇంకా గట్టిగా కొట్టుకోవచ్చు. అందుకే ‘పట్టించుకోకుండా వదిలేయండి, వాడే మానేస్తాడు’ అనే సలహాను తల విషయంలో నేను ఒప్పుకోను. కొత్త దారి నేర్పకుండా, తలకు రక్షణ లేకుండా ఆ పని చేయకండి, థెరపిస్టు తోడుగా ఉండాలి.

చప్పుడు విషయంలో బిడ్డను మార్చడం కంటే ఇంటిని మార్చడం తేలిక. కుక్కరు పెట్టే వేళకు వాడిని వాళ్ళ నాన్నమ్మ పెరట్లోకి తీసుకెళ్ళవచ్చు, లేదా కొన్నాళ్ళు అన్నం గిన్నెలోనే వండవచ్చు. ఊళ్ళో అమ్మవారి సంబరానికి మైకులు, డప్పులు మోగే రోజుల్లో చెవులను మూసే హెడ్‌ఫోనులాంటి కప్పులు పెట్టండి, అదీ చాలకపోతే ఆ రెండు రోజులు చుట్టాల ఊరికి వెళ్ళండి. కొందరు పిల్లలకు తలకు తగిలే ఆ అదురే హాయిగా ఉంటుంది. అలాంటివారికి చీర ఉయ్యాల, పరుపు మీద గెంతులు, ఒళ్ళు గట్టిగా పిసకడం రోజుకు నాలుగైదుసార్లు ముందే అందితే ఆ కోరిక కొంత తీరుతుంది.

కొట్టుకుంటున్న ఆ నిమిషంలో ప్రశ్నలు, బుజ్జగింపులు, కేకలు ఏవీ వాడికి ఎక్కవు. మడత పెట్టిన బొంతనో, లేదంటే మీ అరచేతినో తలకూ గోడకూ మధ్య పెట్టండి. చుట్టూ మూగినవాళ్ళను పంపేయండి, టీవీ ఆపండి, గొంతు తగ్గించి ఒకటి రెండు మాటలే అనండి. మంచాన్ని గోడకు దూరంగా జరపండి, లేదా కొన్నాళ్ళు నేల మీద పరుపు వేసి పడుకోబెట్టండి. చేతులు కట్టేయడం, ఊపిరాడనంతగా అదిమి పట్టుకోవడం చేయకూడదు. మీ ఆయనతో నా మాటగా చెప్పండి: నొప్పితోనో భయంతోనో కొట్టుకుంటున్న బిడ్డను కొడితే వాడికి మరో నొప్పి, మరో భయం కలుపుతున్నట్టే. అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు. వాతలు పెట్టించడం, ముఖానికి పొగ వేయడం, వేపమండలతో కొట్టించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పగలంతా మనవడిని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే కనుక, ఆ నోటు పుస్తకంలోకి ఎక్కవలసిన సంగతులు మీకంటే ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటాయి. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

మందుల మాట. రిస్పెరిడోన్ అనే మందును ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో తీవ్రమైన చికాకుకు, తమను తాము గాయపరుచుకోవడానికి వాడవచ్చని అమెరికా మందుల సంస్థ 2006లో అనుమతించింది. అది ఆటిజాన్ని తగ్గించే మందు కాదు, బరువు పెరగడం, మగత వంటి ఇబ్బందులు తెస్తుంది. మీ బాబుకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. పిల్లల మానసిక వైద్యులు పరీక్షించి రాస్తే తప్ప, వేరొకరి చీటీ చూసి మందుల షాపులో కొని వేయకండి.

ప్రతివారం విశాఖపట్నం వెళ్ళి రావడం ఖర్చుతో కూడిన పని. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా స్థాయి డి.ఇ.ఐ.సి. కేంద్రం గురించి మీ ఆశా కార్యకర్తను గానీ పి.హెచ్.సి.లో గానీ అడగండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలోనూ విచారించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోండి. మీకే మనసు బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: మా మనవరాలికి పది నెలలు. నిద్రపోయే ముందు పది నిమిషాలు తలను దిండుకేసి లయగా కొట్టుకుంటుంది. ఇది ఆటిజమా?
ఒక తాతగారు, నరసన్నపేట

జవాబు: ఈ ఒక్క లక్షణంతో ఆటిజం అని అనుకోనక్కరలేదు. ఏడాదిలోపు పిల్లల్లో కొందరు నిద్రకు ముందు ఇలా చేస్తారు, ఊయల ఊపులో ఉండే హాయి వాళ్ళకు అందులో దొరుకుతుంది. మూడు నాలుగేళ్ళకల్లా సాధారణంగా మానేస్తారు. మీరు గమనించవలసింది మిగతా సమయం. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, నవ్వితే నవ్వుతోందా, మీ కళ్ళలోకి చూస్తోందా, ఏడాది నిండేసరికి టాటా చెప్పడం, వేలితో చూపించడం మొదలుపెట్టిందా అన్నవి చూడండి. వీటిలో ఏవైనా లేకపోయినా, వచ్చిన మాటలు, నవ్వులు వెనక్కి పోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. అన్నీ సవ్యంగా ఉంటే, పదహారు నెలలు దాటాక మీజిల్స్-రుబెల్లా రెండో టీకాకు వెళ్ళినరోజున ఆటిజం ప్రశ్నావళి కూడా అడిగి పూర్తి చేయించుకోండి.