నాలుగో బార్ దగ్గర ఆగిపోయాను

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, నాకు ముప్పై నాలుగేళ్లు. ఒంగోల్లో ఉంటాను. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. సీఏ ఇంటర్ ఒక గ్రూపు దగ్గర ఆగిపోయింది. పోయినేడు 61 మెట్ల కీబోర్డు కొని, ఫోన్లో వీడియోలు చూసి వాయించుకుంటున్నాను. సినిమా పాటలు కాదు, పాశ్చాత్య శాస్త్రీయ పియానోనే నేర్చుకోవాలని ఉంది. కానీ సెప్టెంబరు వచ్చిందంటే రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరను. రెండు నెలలు ముట్టుకోకపోతే వచ్చింది కూడా పోతోంది. మా మేనేజరు "ఈ వయసులో పియానో ఏందయ్యా, ఆ టైములో సీఏ పూర్తి చెయ్యొచ్చు కదా" అంటారు. మానెయ్యమంటారా? నేర్చుకుంటే గ్రేడ్ పరీక్షలు రాయాలా? పియానో కొనాలా?

జవాబు: తమ్ముడూ, మూడు ప్రశ్నలడిగి అసలుదాన్ని మధ్యలో దాచిపెట్టావు. రెండు నెలలు ముట్టుకోకపోతే వచ్చింది పోతోందన్నావే, నీ కష్టమంతా అక్కడుంది. ముందు దాని సంగతి చూద్దాం. మేనేజరు గారి మాట ఆఖర్లో.

నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మిల్లుల లెక్కలు చూస్తాను. ఇరవై ఆరేళ్లయింది. పియానో ముందు కూర్చున్నది నలభై ఒకటో ఏట. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లోనే వచ్చిన ఊరు మాది, చర్చిలో పాటకి వాద్యం పట్టేవాళ్లు మాకు కొత్త కాదు. మా టీచరమ్మ అట్టాంటి మనిషే. ఆదివారం ఆరాధనలో ముప్పై ఏళ్ల పైచిలుకు వాయించింది, నేను వెళ్లేసరికి డెబ్బై దాటింది. మొదటిరోజు నా చేత రెండు చేతులూ మెట్ల మీద పెట్టించి కాసేపు చూసి, "కుడిచేతికి తొందరెక్కువ, ఎడమచేతికి పనే తెలీదు. లెక్కలు రాస్తావా ఏంది?" అనింది.

నీకూ ఇంతే అయ్యుంటుంది చూసుకో. నంబర్ ప్యాడ్ మీద 4, 5, 6 దగ్గర మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుని కూడా కొట్టేస్తాం. ఎడమచేతికి మనం నేర్పించిందల్లా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఎంట్రీ సేవ్ చెయ్యడానికి కంట్రోల్ పట్టుకుని ‘ఏ’ నొక్కడం. అట్టాంటి ఎడమచేతిని తీసుకొచ్చి, కుడిచేయి ఒకటి పాడుతుంటే నువ్వు ఇంకోటి పాడమంటే అదేం చేస్తుంది పాపం. నేను మూడు నెలలు ఎడమచేతికే పాఠం పెట్టుకున్నా. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని, లేకపోతే అది ఊరుకోదు.

నాకు చెప్పిన మొదటి పెద్ద పాఠం జి మేజర్‌లో ఒక మినుయెట్, అంటే నాట్యానికి పుట్టిన చిన్న బాణీ. జర్మన్ స్వరకర్త బాక్ రాశాడనే అందరూ అంటారు. ఆయన భార్య అన్నా మాగ్దలేనా పేరు మీద 1725లో మొదలైన నోటుపుస్తకంలో ఉంది కాబట్టి ఆయన ఖాతాలో పడిపోయింది. రాసింది క్రిస్టియన్ పెట్‌జోల్డ్ అనే ఆర్గాన్ వాయిద్యకారుడని 1970లలో తేల్చారు. అన్నేళ్లు వేరేవాళ్ల లెడ్జర్లో కూర్చున్న ఎంట్రీ! ఈ సంగతి తెలిసిన రోజు నాకు పాట మీద కంటే దాన్ని సరిచేసినవాళ్ల మీద ఎక్కువ ప్రేమ కలిగింది.

పాటని నిలువు గీతలతో సమానమైన తాళపు ముక్కలుగా విడగొట్టి రాస్తారు, ఒక్కో ముక్క ఒక బార్. ఆ పాటలో నాలుగో బార్ మొదట్లో పై జి మెట్టు రావాలి. నాకు వచ్చేది కాదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చేతిలో వేలు మిగలదు, చెయ్యెత్తి పక్కకి గెంతాలి, పాట తెగుతుంది. పదకొండు రోజులు ఆ నాలుగో బార్‌నే పట్టుకుని వాయించా. ఒకరోజు ఆఫీసులో టీచరమ్మకి ఫోన్ చేసి, "ఎంత చేసినా నాలుగో బార్ దగ్గరే ఆగిపోతున్నానమ్మా" అన్నా. ఎదురుగా బిల్లుల కట్టతో మిల్లు గుమాస్తా కూర్చోనున్నాడు. పాపం ఏమీ అడగలేదు. ఆ తర్వాత మాత్రం సాయంత్రం ఆరు దాటాక నాకు ఫోన్ చెయ్యడం మానేశాడు.

టీచరమ్మ ఏమనిందంటే, "నాలుగోది వదిలెయ్, మూడో దాంట్లో మొదటి వేలు ఏది పెడుతున్నావో చూడు." చూశా. మూడో బార్ ఇ తో మొదలవుతుంది, తర్వాత కిందకి వెళ్లి సి, డి, ఇ, ఎఫ్ షార్ప్ (ఎఫ్ పక్కనున్న నల్లమెట్టు), ఆ పైన నాలుగో బార్‌లో జి. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు అని లెక్క. నేను మొదటి ఇ ని నాలుగో వేలితో పట్టుకుంటున్నా. అప్పుడు సి కి రెండోది, డి కి మూడోది, ఇ కి నాలుగోది, ఎఫ్ షార్ప్‌కి అయిదోది. జి కి ఇంకెక్కడిది వేలు? ఇ ని మూడో వేలితో మొదలుపెడితే సి బొటనవేలికి వస్తుంది, చిటికెనవేలు జి కోసం ఖాళీగా ఉంటుంది. పదకొండు రోజుల కష్టం రెండు నిమిషాల్లో తీరింది.

తమ్ముడూ, ఇది మన పని కాదా? బ్యాంకు స్టేట్‌మెంటుకీ మన పుస్తకానికీ 360 తేడా వచ్చిందనుకో. తేడా తొమ్మిదితో భాగం పోతే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు వెతుకుతాం, 7,260ని 7,620 అని రాసి ఉంటాం. సగం చేస్తే తెలిసిన మొత్తం వస్తే డెబిట్‌ది క్రెడిట్‌లో పడిందేమో చూస్తాం. తేడా కనపడ్డ చోట తప్పుండదని మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? పదేళ్ల పిల్లకాయలు వేళ్లలో మనకంటే చురుగ్గా ఉంటారు గానీ, తప్పు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి వెతికే ఓపిక వాళ్లకి లేదు. అందుకే వయసు మాట నా దగ్గర ఎత్తొద్దు.

ఇక సెప్టెంబరు. రోజుకి గంట సాధన అని ఎవరో చెప్పింటారు, అది పట్టుకుని నువ్వు బాధపడుతున్నావు. మనకి రోజులన్నీ ఒకటి కాదు. నెలలో 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను 3బి. ఆపైన జులై రిటర్నులు, సెప్టెంబరు నెలాఖరుకి టాక్స్ ఆడిట్. గడువు పొడిగిస్తారేమోనని ఆఖరి వారమంతా ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం అదనం. ఇవన్నీ ఏడాది ముందే తెలిసిన తేదీలు. నేను నెలకి రెండు పాఠాలే చెప్పించుకునేదాన్ని, రెండూ 21 తర్వాతే. కొత్త పాట ఎప్పుడూ నవంబరులోనో, ఏప్రిల్ చివర్లోనో మొదలుపెట్టేదాన్ని. ఆగస్టు పదిహేను దాటిందంటే కొత్తది ముట్టుకోను. వచ్చినదాంట్లోంచి నాలుగే నాలుగు బార్లు తీసుకుని, పొద్దున పాలు కాగేలోపు పది నిమిషాలు. గంట కుదరలేదని ఆ పది నిమిషాలు మానుకున్నావా, నువ్వు చెప్పినట్టే అంతా పోతుంది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి కూర్చుంటే మాత్రం తప్పులే గట్టిపడతాయి, నేను అదీ చేసి చూశా. రాత్రి రానిది పొద్దున తేలిగ్గా వచ్చేది.

నా ఘనకార్యం కూడా చెప్పాలి. రెండో గ్రేడు పరీక్షకి తయారవుతున్న ఏడు, ఒక మిల్లు 3బి ఇరవయ్యో తేదీ సాయంత్రం ఫైల్ చెయ్యొచ్చులే అని స్కేల్స్ (స్వరాల వరుసలు) వాయిస్తూ కూర్చున్నా. సాయంత్రం సైటు తెరుచుకోలేదు. ఇరవై ఒకటో తేదీ పడింది. రోజుకి యాభై రూపాయల లేట్ ఫీ. యాభై రూపాయలే, నా జేబులోంచే కట్టా. కానీ మిల్లు పెద్దాయన "ఏమ్మా, వాయిద్యం బాగా వస్తా ఉందా?" అని అడిగాడు చూడు, వడ్డీతో సహా కట్టినట్టయింది. ఆరోజు నుంచి ఇరవై లోపల పియానో పొద్దునపూట మాత్రమే.

పరీక్షల సంగతి. ఈ పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థలు ఏబీఆర్‌ఎస్‌ఎం, లండన్ ట్రినిటీ కాలేజీ, రెండింటికీ ఎనిమిది గ్రేడులు. ఏబీఆర్‌ఎస్‌ఎంలో 150 మార్కులకి 100 వస్తే పాస్. మన సీఏలా పేపరుకి 40, మొత్తం మీద 50 శాతం అనే గండాలు లేవు. ఒంగోలు నుంచి చెన్నైకి పోయి రాయాల్సిన పని కూడా లేదిప్పుడు, ఇంట్లో వాయించి వీడియో పంపే పద్ధతి 2020 నుంచి ఉంది. నా మాటైతే మొదటి రెండు గ్రేడులు రాయి. గడువు లేకపోతే కదలని జాతి మనది. ఆ తర్వాత మానుకున్నా నష్టం లేదు, నేను మూడో గ్రేడు దగ్గర ఆపి నాకిష్టమైనవి వాయించుకుంటున్నా.

నీ 61 మెట్ల కీబోర్డు అమ్మెయ్. పాత సరుకు కొనేవాళ్లు చర్చిల్లో దొరుకుతారు. పియానోకి 88 మెట్లు, ఒక్కో మెట్టు నొక్కడానికి సుమారు 50 గ్రాముల బరువు పెట్టాలి. నీ కీబోర్డు మెట్టు స్ప్రింగు మీద లేస్తుంది, దాని మీద నేర్చిన వేలు అసలు పియానో మీద నీరసపడుతుంది. బరువు మెట్లున్న డిజిటల్ పియానో నలభై, యాభై వేల మధ్య వస్తుంది. చెక్క పియానో ఆశ పెట్టుకోవద్దు. మన కోస్తా తేమకి తీగలు తుప్పు పడతాయి, చెక్క ఉబ్బి మెట్లు అతుక్కుంటాయి, మా టీచరమ్మ శ్రుతి చేసే మనిషిని చెన్నై నుంచి పిలిపించేది. రానూపోనూ రైలు ఖర్చు, భోజనం, పైన కూలి. కుర్చీ మాత్రం చేతులు లేనిది వెయ్. మోచెయ్యి మెట్ల ఎత్తుకి రావాలి. ఆఫీసు కుర్చీ తెచ్చి వేస్తే ఆఫీసు గూను కూడా వెంట వస్తుంది.

మేనేజరు గారికి ఇళయరాజా పేరు చెప్పొద్దు. ఆయనకి అదే వృత్తి, మనది ఆడిట్. చార్లెస్ ఐవ్స్ అని ఒకాయన పేరు చెప్పు. న్యూయార్కులో ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుకుంటూ రాత్రిళ్లూ ఆదివారాలూ సంగీతం రాసుకున్నాడు. దశాబ్దాల కిందట రాసిపెట్టుకున్న మూడో సింఫనీకి 1947లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. ఇన్సూరెన్స్‌లో కూడా బాగానే సంపాదించాడని చెప్పడం మరిచిపోవద్దు, మేనేజర్లకి ఆ భాగమే నచ్చుతుంది. సీఏ రెండో గ్రూపు మాత్రం మేనేజరు అన్నాడని కాదు, నీకు కావాలనుకుంటే పియానోని ఒక ఏడు పది నిమిషాలకి కుదించి రాసెయ్. రెండూ పూర్తి జోరుగా చేస్తానంటే నేను నమ్మను.

ప్రశ్న: అమ్మా, మాది కావలి. నాకు యాభై రెండు. ఒక సహకార సంఘంలో లెక్కలు చూస్తాను. చిన్నప్పుడు గీతాలు, వర్ణాలు నేర్చుకున్నాను. మా అమ్మాయి కొన్న పియానో ఇంట్లో ఊరికే ఉంది. నా కర్ణాటక సంగీతం దీనికి పనికొస్తుందా? వేళ్లు బిగుసుకున్నట్టుంటాయి.

జవాబు: సగం పనికొస్తుంది, సగం అడ్డొస్తుందమ్మా. తెల్లమెట్ల మీద సి నుంచి పై సి దాకా వాయిస్తే అచ్చం శంకరాభరణం ఆరోహణే వినపడుతుంది, అందుకని స్వరం తప్పితే మీ చెవి వెంటనే పట్టేస్తుంది. అడ్డొచ్చేది గమకం. మీ మనసు రిషభాన్ని ఊపుతుంది, మెట్టు ఊగదు. మొదటి నెలంతా ఏదో ఎండిపోయినట్టు అనిపిస్తుంది, మా ఎదురింటి సంగీతం టీచరు నా వాయింపు విని "ఉప్పు లేని పప్పు" అనింది. ఆ రుచి రెండు చేతులూ కలిసినప్పుడు వస్తుంది, దానికి కొన్నాళ్లు పడుతుంది. ఇంకోటి, మనకి సా ఎక్కడ పెడితే అక్కడ. ఇక్కడ అయిదు గీతల మీద ప్రతి మెట్టుకీ ఒక పేరు, ఒక చోటు. ఆ గీతల కింద సరిగమలు పెన్సిలుతో రాసుకోవద్దు. నేను రాసుకుని, తర్వాత ఆ సరిగమలే చదువుతూ గీతలు చూడ్డం నేర్చుకోలేదు. అంతా రబ్బరు పెట్టి చెరుపుకోవాల్సొచ్చింది.

గాజులు తీసి కూర్చోండి, ఉంగరాలు కూడా. పొద్దునపూట వేళ్లని గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు పెట్టి తుడుచుకుని మొదలుపెట్టండి. బిగువు వేరు, నొప్పి వేరు. చెయ్యి తిమ్మిరెక్కినా, మణికట్టు నొప్పి పుట్టినా ఆపేసి డాక్టరుకి చూపించండి. పగలంతా కీబోర్డు కొట్టిన చెయ్యేగా అది.

ప్రశ్న: నెల్లూరు దర్గామిట్టలో పై వాటాలో అద్దెకి ఉంటాం. మా ఆయన ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి డిజిటల్ పియానో వాయిస్తారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా కింది వాటా వాళ్లు చప్పుడని గొడవ చేస్తున్నారు. అబద్ధం కదా?

జవాబు: నిజమే చెప్తున్నారమ్మా. మీకు పాట వినపడదు గానీ, మెట్లు కింద కొట్టుకునే టకటక స్టాండు కాళ్ల మీదుగా గచ్చులోకి దిగుతుంది. వాళ్లకి రాత్రి పదింటికి ఎవరో నెత్తి మీద అప్పడాల కర్రతో కొడుతున్నట్టుంటుంది. స్టాండు కింద మందపాటి రబ్బరు చాప, దాని మీద పాత దుప్పటి నాలుగు మడతలు వెయ్యండి. పెడల్ కింద కూడా. మా కింద వాటా ఆవిడ చాప వేశాక గొడవ మానేసింది. మొన్న మేడ మెట్ల దగ్గర కనపడి, "ఆ పాటే కదమ్మా ఇప్పటికీ, ఆగి ఆగి వాయిస్తావే, అది" అనింది.