వచ్చిపోయే ఏబీఎస్ లైటు: మాడ్యూల్ మార్చే ముందు వైరు చూడండి

ప్రశ్న: నాది 2012 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. రెండేళ్ల కిందట 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాను. మూడు నెలలుగా పసుపు ఏబీఎస్ లైటు వస్తూ పోతూ ఉంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు స్పీడ్ బ్రేకర్ల మీద ఎక్కువగా వస్తుంది, వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆరిపోతుంది. స్కానర్‌లో ముందు ఎడమ చక్రం సెన్సర్ అని వస్తే మార్పించాను. పది రోజులకే మళ్లీ మొదలైంది. ఇప్పుడు మెకానిక్ ఏబీఎస్ మాడ్యూల్ పోయిందంటున్నాడు. మార్చాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇప్పుడే వద్దు. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాకవకుండా చూసేది ఏబీఎస్. మాడ్యూల్ దానికి మెదడు లాంటి పెట్టె, చక్రం దగ్గరి సెన్సర్ దానికి చక్రం వేగం చెబుతుంది. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. గతుకులకు వస్తోంది, వానకు వస్తోంది, పైగా బండి ఎత్తు పెంచారు. ఈ మూడూ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది సెన్సర్ నుంచి ఫెండర్ (చక్రం పైని రేకు) లోపలికి వెళ్లే వైరుని.

స్కానర్ చెప్పేదల్లా ఆ చక్రం నుంచి సిగ్నల్ సరిగా రావడం లేదని. సెన్సర్, దాని ఎదుట తిరిగే పళ్ల రింగు, రెండు వైర్లు, కనెక్టర్‌లలో ఏది దెబ్బతిన్నా అదే కోడ్ రావచ్చు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ, చక్రం పైకీ కిందకీ ఆడిన ప్రతిసారీ ఆ వైరు వంగుతుంది. లిఫ్ట్ కిట్ వేశాక చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది గానీ వైరు పొడవు మాత్రం పాతదే. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి పోగులు తెగుతుంటాయి. కొత్త సెన్సర్‌తో వచ్చిన వైరు కూడా అలాగే లాగుడు పడితే పది రోజుల్లో పాడవడంలో వింతేమీ లేదు.

పరీక్ష ఇలా చేయండి. బండిని సమతల నేల మీద ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరవద్దు. ఫెండర్ లోపల సెన్సర్ కనెక్టర్ విప్పండి. ముందుగా తాళం ఆన్ చేసి బండి వైపు కనెక్టర్‌లో మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. దాదాపు 12 వోల్టులు వస్తే మీది యాక్టివ్ సెన్సర్, అంటే బండి నుంచి కరెంటు తీసుకుని పనిచేసే రకం అయ్యుంటుంది. దానికి ఓమ్స్ (నిరోధం) పరీక్ష పెట్టకండి, సెన్సర్ దెబ్బతినొచ్చు. దాన్ని స్కానర్ లైవ్ డేటాలోనే చూడాలి.

పాత రకం కాయిల్ సెన్సర్ అయితే తాళం ఆఫ్ చేసి, సెన్సర్ వైపు రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. మామూలుగా 800 నుంచి 2,000 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అంకె కన్నా కుడి చక్రంతో పోల్చి చూడటం ముఖ్యం. అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. మీటర్ తగిలించి ఉంచి, వేరొకరిచేత స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించండి. వైరును బ్రాకెట్ల దగ్గర అంగుళం అంగుళం కదిలించండి. రీడింగ్ ఒక్క క్షణం ఎగిరినా తెగిన చోటు దొరికినట్టే. తర్వాత ఒక్కో పిన్నుకూ బాడీకీ మధ్య కొలవండి, అక్కడ కరెంటు దారి ఉండకూడదు. అర లీటరు నీళ్లలో చెంచా ఉప్పు కలిపి వైరు మీద చల్లి మళ్లీ కొలిస్తే వానలో జరిగేది షెడ్డులోనే కనిపిస్తుంది. పని అయ్యాక మంచి నీళ్లతో కడగడం మరవకండి.

వైరు బాగుంటే మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి, చక్రాన్ని చేత్తో సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పండి. రెండు వైపులా ఇంచుమించు ఒకే వోల్టేజీ రావాలి. ఎడమవైపు బాగా తక్కువైతే సెన్సర్‌కూ రింగుకూ మధ్య సందు పెరిగి ఉంటుంది. బురదలో తిరిగే బండ్లకు ఇది తరచూ వచ్చేదే. సెన్సర్ కూర్చునే గుంతలో తుప్పు పొరలు పేరుకుని దాన్ని పైకి ఎత్తేస్తాయి. సెన్సర్ తీసి, మూతి మీద అంటిన ఇనుప రజను గుడ్డతో తుడిచి, కూర్చునే చోటును ఎమెరీ పేపర్‌తో శుభ్రం చేయండి. సుత్తితో కొట్టి దించకండి. రింగుకు పగులుందేమో, పళ్లు విరిగాయేమో చుట్టూ తిప్పి చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు వదులు తెలిస్తే బేరింగు సంగతి ముందు చూడాలి, సందు అక్కడి నుంచే మారుతుంటుంది.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం వద్దే వద్దు. వంగే చోట టంకం కూడా నిలవదు, గట్టిపడి దాని పక్కనే మళ్లీ తెగుతుంది. కనెక్టర్ దాకా మొత్తం వైరు మార్చాలి. జేసీ రోడ్డు స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగేటప్పుడు వైరుతో కలిపి ఉన్న సెన్సర్ అని చెప్పి, పాతదానితో పొడవు, కనెక్టర్ పోల్చి తీసుకోండి. బిగించేటప్పుడు చక్రం పూర్తిగా వేలాడుతూ, స్టీరింగ్ కొసకు తిరిగినా వైరు బిగుసుకోకుండా బ్రాకెట్ జరపండి. ఇది వదిలేస్తే మూడో సెన్సర్ కూడా అదే దారి పడుతుంది.

మాడ్యూల్ అనేది చివరి మాట. అంతకు ముందు బ్యాటరీ, ఎర్తు బోల్టు చూడాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. వించి, అదనపు లైట్లు ఏబీఎస్ ఎర్తు బోల్టుకే కట్టి ఉంటే వాటికి వేరే చోటు చూపించండి.

లైటు వెలిగినప్పుడు మామూలు బ్రేకులు పనిచేస్తాయి కానీ గట్టిగా తొక్కితే చక్రాలు లాకవుతాయి. తడి రోడ్డు మీద దూరం పాటించండి. పసుపుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వస్తే బండి పక్కకు ఆపి బ్రేకు ఆయిల్ చూడండి. ఆయిల్ సరిగా ఉన్నా ఎర్ర లైటు ఆరకపోతే నడపకుండా టోయింగ్ చేయించండి.

ప్రశ్న: డిఫ్ లాక్ వేసినప్పుడల్లా ఏబీఎస్ లైటు వస్తుంది. లాక్ తీశాక కూడా ఒక్కోసారి ఆరదు. ఇదీ సెన్సరేనా?
– మరో పాఠకుడు, యలహంక

జవాబు: డిఫ్ లాక్ అంటే ఒకే యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసి ఒకే వేగంతో తిరిగేలా చేసేది. చాలా ఫోర్ బై ఫోర్లలో వెనక డిఫ్ లాక్ వేయగానే ఏబీఎస్ కావాలనే ఆగిపోతుంది, అప్పుడు లైటు రావడం లోపం కాదు. లాక్ తీశాక ఆరకపోతే, లాక్ ఇంకా విడలేదు లేదా యాక్సిల్ దగ్గర దాని స్విచ్చి ఇరుక్కుంది. మెత్తని నేల మీద నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదిపితే లాక్ విడుతుంది. అప్పటికీ ఆరకపోతే స్విచ్చి కనెక్టర్‌లో బురద చేరిందేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి.