టెక్ సందేహాలు: రాత్రయితే 30 ఫ్రేములేనా?

ప్రశ్న: గేమింగ్ ల్యాప్‌టాప్ కొని ఏడాదిన్నర అయింది. పగలు వాలొరెంట్ ఆటలో సెకనుకు 110 ఫ్రేములకు తగ్గదు. రాత్రిపూట మాత్రం ఉన్నట్టుండి 30కి పడిపోతుంది. నాలుగైదు నిమిషాలు అక్కడే ఉండి, దానంతటదే మళ్ళీ 110కి వెళ్తుంది. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు వేసే వేళకి లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. అందుకని పాత ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి తగిలించి ఛార్జింగ్ పెడుతున్నాను. షాపులో అడిగితే ర్యామ్ పెంచి, విండోస్ మళ్ళీ వేయించుకోమంటున్నారు. (డిగ్రీ విద్యార్థి, భీమవరం దగ్గర పల్లె)

జవాబు: ర్యామ్ కొనకండి, విండోస్ జోలికి పోకండి. ర్యామ్ చాలకపోతే ఆట కుదుపులిస్తుంది. వేడెక్కితే 110 నుంచి 95, 80 అంటూ మెల్లగా జారుతుంది. సరిగ్గా 30 దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే ఎవరో కావాలని ఆపుతున్నట్టే. ఆ ఆపేది గ్రాఫిక్స్ చిప్ కంపెనీ ఎన్విడియా సాఫ్ట్‌వేర్‌లోని బ్యాటరీ బూస్ట్. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ఛార్జింగ్ ఆదా కోసం ఫ్రేములను 30కి కట్టేస్తుంది. అంటే, ప్లగ్గు మీరు పెట్టే ఉంచినా ఆ నాలుగైదు నిమిషాలు ల్యాప్‌టాప్‌కి కరెంటు అందడం లేదన్నమాట.

నా అనుమానం స్టెబిలైజర్ మీదే. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి ఒక అలవాటుంది: వోల్టేజీ దాని హద్దు కంటే పడినా, కరెంటు ఒక్కసారి రెప్పవేసినా అవుట్‌పుట్ కట్ చేస్తుంది. కరెంటు బాగుపడ్డాక కూడా వెంటనే ఇవ్వదు, కొన్ని నిమిషాలు ఆగి ఇస్తుంది. కంప్రెసర్‌లో గ్యాస్ ప్రెషర్ సర్దుకోకముందే మళ్ళీ స్టార్టయితే మోటారు కాలిపోతుందని ఆ ఏర్పాటు. ఫ్రిజ్‌కి అది రక్ష, మీ ఆటకి శిక్ష. ఏరియేటర్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద అలాంటివి వరసగా వేస్తుంటే లైను కుంగడంలో వింతేముంది?

అసలు మీ అడాప్టర్‌కి స్టెబిలైజరే అక్కర్లేదు. దాన్ని తిరగేసి చూడండి, ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. వోల్టేజీ తగ్గితే కరెంటు కాస్త ఎక్కువ లాగి అదే పవర్ ఇస్తుంది. 180 వాట్ల అడాప్టర్ నిండు లోడులో 230 వోల్టుల దగ్గర సుమారు 0.9 ఆంపియర్లు తీసుకుంటే, 170 దగ్గర 1.2 తీసుకుంటుంది, అంతే. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి అదో లెక్క కాదు. వదులైన ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, ప్లగ్గు కదిలినప్పుడల్లా ఇదే గొడవ. గోడ సాకెట్‌కి మూడు పిన్నుల ప్లగ్గు, కావాలంటే మధ్యలో మంచి స్పైక్ గార్డు చాలు. ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయండి, అప్పుడు స్పైక్ గార్డునీ నమ్మొద్దు.

నా మాట నమ్మక్కర్లేదు, ల్యాప్‌టాప్‌నే అడగండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైల్ ఎక్కడ పడిందో అక్కడే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. రీసెంట్ యూసేజ్ పట్టికలో ఏ నిమిషాన కరెంటు మీద ఉంది, ఏ నిమిషాన బ్యాటరీకి మారింది అన్నీ ఉంటాయి. ఆట పడిపోయిన టైముతో అది కలిస్తే దొంగ దొరికినట్టే. రెండు రాత్రులు స్టెబిలైజర్ తీసేసి మళ్ళీ చూడండి.

బ్యాటరీ బూస్ట్ ఆపేస్తే పోదా అంటారేమో. 30 హద్దు పోతుంది గానీ 110 రాదు. గ్రాఫిక్స్ చిప్‌కీ ప్రాసెసర్‌కీ కలిపి కావాల్సినన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయ్యాక ఫ్రేములు సగమయ్యాయి. ఛార్జర్ అసలుదే, వేడి కూడా లేదు. (అమలాపురం)

జవాబు: ముందు ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ అలసిపోతూ విడిగా ఉన్న ఎన్విడియా చిప్ ఖాళీగా కూర్చుంటే, సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి ఆ ఆటకి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. పని అయిపోయింది.

ఎన్విడియానే పనిచేస్తున్నా వేగం లేకపోతే, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో అది ఎన్ని వాట్లు తింటోందో చూడండి. ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 అన్న ఒకే పేరు మీద 35 వాట్ల చిప్పూ ఉంది, 80 వాట్లదీ ఉంది. మీ మోడల్‌ది ఎంతో తెలుసుకోండి. 80కి గాను 50 దగ్గరే ఆగుతుంటే డివైస్ మేనేజర్‌లో ఎన్విడియా ప్లాట్‌ఫామ్ కంట్రోలర్స్ అండ్ ఫ్రేమ్‌వర్క్ అనే పేరు వెతకండి. ప్రాసెసర్‌కి అక్కర్లేని వాట్లను గ్రాఫిక్స్‌కి మళ్ళించే డైనమిక్ బూస్ట్ దీని మీదే నడుస్తుంది. దాని మీద పసుపు గుర్తున్నా, డిసేబుల్ అయి ఉన్నా ఆ అదనపు వాట్లు పోయినట్టే.

డివైస్ మేనేజర్‌లోనే డిస్‌ప్లే అడాప్టర్స్‌లో ఎన్విడియా డ్రైవర్ ట్యాబ్ తెరిచి, పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళే రోల్ బ్యాక్ వెలిగి ఉంటే అదే తేలిక. లేకపోతే శుభ్రంగా మొదటినుంచి వేయాలి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు ముందే దించుకోండి. వైఫై ఆపండి, లేకపోతే పాతది తీయగానే విండోస్ తనకు నచ్చింది వేసేస్తుంది. సేఫ్ మోడ్‌లో, డ్రైవర్లను పూర్తిగా తుడిచే డీడీయూ సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ తీసేసి, మామూలుగా బూట్ చేసి, చిప్‌సెట్ తర్వాత గ్రాఫిక్స్ వేయండి. సేఫ్ మోడ్‌కి వెళ్ళే ముందు, డిస్క్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోవడం మరిచిపోవద్దు. నీలం స్క్రీన్ ఆ 48 అంకెలు అడిగినప్పుడు వెతుక్కుంటే లాభం లేదు.

ప్రశ్న: వేరే ఛార్జర్ కొన్నప్పటినుంచి ప్రాసెసర్ 0.4 గిగాహెర్ట్జ్ దాటడం లేదు. (పాలకొల్లు)

జవాబు: ఛార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి. స్పీడు పెరిగితే తప్పు ఛార్జర్ వైపే ఉంది. కొన్ని కంపెనీల ఛార్జర్లలో మధ్యన సన్నటి పిన్ను ఉంటుంది. తాను ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి దాని ద్వారానే చెబుతుంది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్ భయపడి ప్రాసెసర్‌ని అడుగుకి దించేస్తుంది, బ్యాటరీ ఛార్జింగూ ఆపేస్తుంది. స్టార్టయ్యేటప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదన్న మెసేజ్ వస్తోందా చూడండి. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ హద్దు తీసేయమని ఎవరైనా చెబితే వినొద్దు, 65 వాట్ల ఛార్జర్ మీద 180 వాట్ల భారం పడితే అది కాలిపోవచ్చు. టార్చి వేసి పిన్ను చూడండి. వంగిందీ విరిగిందీ అయితే ఛార్జర్ మార్చాలి. పిన్ను బాగానే ఉంటే ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ గుచ్చే డీసీ జాక్‌ని మెకానిక్‌కి చూపించండి.