చదువుతున్న వాక్యం చెదరకుండా ఉండాలంటే...

సందేహం: మేం నడిపే వార్తల వెబ్‌సైట్‌కు సెర్చ్ ద్వారా చాలామంది వస్తున్నారు కానీ, ఫోన్‌లో వార్త తెరిచిన కాసేపటికే వెళ్లిపోతున్నారు. హోమ్ పేజీ డిజైన్ మారిస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: హోమ్ పేజీని ప్రస్తుతానికి అలాగే ఉంచండి. సెర్చ్ నుంచి వచ్చేవారు సాధారణంగా నేరుగా వార్త పేజీలోనే అడుగుపెడతారు కాబట్టి ముందు బాగుచేయాల్సింది దాన్నే.

మీ సైట్‌లోని ఒక వార్తను తక్కువ సామర్థ్యమున్న ఫోన్‌లో, మొబైల్ డేటాతో తెరిచి మొదటి రెండు పేరాలు చదవండి. చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంటే, ఆలస్యంగా వచ్చిన ఫొటోయో ప్రకటనో చోటు కోసం అక్షరాలను నెట్టేస్తోందని అర్థం. లింకును నొక్కబోతే సరిగ్గా వేలి కిందికి ప్రకటన వచ్చి చేరడమూ ఇందువల్లే. వార్తల సైట్లు పాఠకులను పెట్టే ఇబ్బందుల్లో నేను అన్నిటికన్నా ముందు తొలగించమనేది దీన్నే. ఫొటో ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు ముందే రాస్తే బ్రౌజర్ ఆ మేరకు ఖాళీ ఉంచుతుంది. ప్రకటన పెట్టెకూ సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్దేశించే కోడ్‌లో) కనీస ఎత్తు ఇవ్వండి. ప్రకటన రాకపోయినా ఆ పెట్టెను మూయకండి, మూస్తే కింది అక్షరాలు పైకి ఎగబాకుతాయి. ఈ కదలికను కొలిచే సీఎల్ఎస్ స్కోరు 0.1 దాటకూడదని గూగుల్ సూచిస్తోంది.

వేగానికి వస్తే, తెరపై కనిపించే అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు రావాలి. ఫొటోలన్నిటికీ లేజీ లోడింగ్ (పాఠకుడు దగ్గరికి వచ్చాకే ఫొటోను తెప్పించే పద్ధతి) పెట్టేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. పేజీ దిగువన ఉన్నవాటికి అది మేలు చేస్తుంది కానీ, శీర్షిక కిందనే ఉండే ప్రధాన చిత్రానికి పెడితే ఆలస్యమే మిగులుతుంది. తెరను తాకినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన కనిపించాలన్న గూగుల్ ఐఎన్‌పీ ప్రమాణం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. అది దాటుతుంటే ప్రకటనల, ట్రాకింగ్ స్క్రిప్టుల్లో అవసరం లేనివాటిని తీసేయండి.

పేజీ తెరవగానే నోటిఫికేషన్లకు అనుమతి అడగవద్దు. మీ వార్త ఒక్కటీ చదవనివారు ఏం చూసి ఒప్పుకుంటారు? లేత బూడిద రంగు అక్షరాలు వద్దు. మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల నియమం. వేళ్లతో జూమ్ చేసే వీలును ఏ కారణంతోనూ ఆపకండి, చూపు మందగించినవారికి అదే ఆధారం.

మార్పులు చేసే ముందు గూగుల్ ఉచితంగా ఇచ్చే పరీక్షా సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ వార్త పేజీని పరీక్షించి అంకెలు రాసిపెట్టుకోండి. తగినంత మంది చూసే పేజీలకు అందులో అసలు వినియోగదారుల నుంచి గత 28 రోజుల్లో సేకరించిన కొలతలు కనిపిస్తాయి. అందువల్ల, మార్పు చేసిన మర్నాడే అంకెలు కదల్లేదని దాన్ని వెనక్కి తీసుకోకుండా, ఆ గడువు నిండాక పోల్చి చూడండి.